జాబితాలో పేరున్నవాళ్లందరికీ బంతిలో ఆకు పడాలి!

మొగల్తూరు... ఆ పేరు వింటే ముందు సినిమాలే గుర్తొస్తాయి. కృష్ణంరాజు పుట్టిన ఊరు, చిరంజీవి సొంతూరు. పక్కనే నరసాపురం లేసు, కాస్త ముందుకెళ్తే పేరుపాలెం సముద్రం. ఇంకా గుర్తు చేసుకోవాలంటే... గోదావరి మర్యాద. ఇంటికొచ్చినవాణ్ని తినకుండా పంపితే ఆ ఇంటికే చిన్నతనం అనుకునే మనుషులు. 2022 సెప్టెంబరు నెలాఖరులో కృష్ణంరాజు సంస్మరణ సభ ఈ ఊళ్లో జరిగినప్పుడు వేలాదిమంది అభిమానులు తరలివస్తే, వచ్చినవాళ్లకు భోజనాలు పెట్టిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు.

అంతమందికి అన్నం పెట్టడం వెనక ఓ పెద్ద లెక్క ఉంటుంది. ఎంతమందిని పిలిచాం? ఎన్ని ఆకులు వేయాలి? ఒక్కో బంతిలో ఎంతమంది కూర్చుంటారు? చివరి మనిషి వచ్చేసరికి ఆకు ఉంటుందా?

మీ ఇంట్లో అబ్బాయో అమ్మాయో బీటెక్కో బీసీఏనో చదువుతూ, 'లిస్ట్‌లో ఉన్న ఎలిమెంట్లని అర్రేలోకి కాపీ చేయడం' అంటూ కంప్యూటర్ ముందు తల పట్టుకు కూర్చుంటే కంగారు పడకండి. అది బ్రహ్మపదార్థం ఏమీ కాదు. పిలుపుల చిట్టా చూసి బంతిలో ఆకులు వేయడమే. ఆ పని సరిగ్గా చేస్తే ఎవరికీ తెలీదు. తప్పు చేస్తే మాత్రం ప్రపంచమంతా విమానాలు ఆగిపోతాయి. ఆగిపోయాయి కూడా!

దారి అడిగితే తెలుస్తుంది లిస్టంటే

గోదావరి పల్లెలో కొత్తవాళ్లు ఎవరింటికైనా దారి అడిగితే జవాబు ఎలా ఉంటుంది?

'ఫలానావారి ఇల్లా అండీ? ఇలా తిన్నగా వెళ్లండి, కిరాణా కొట్టు వస్తుంది. అక్కడ అడగండి, చెబుతారు.'

కొట్టుదాకా వెళ్తే, 'ఆయ్, చెరువుగట్టు మీంచి వెళ్లండి, రావిచెట్టు కింద పెద్దాయన కూర్చుంటారు, ఆయన్ని అడగండి' అంటారు. పెద్దాయన ఇంకొకరి దగ్గరకు పంపిస్తారు. ఒక్కొక్కరి దగ్గరా మొత్తం దారి ఉండదు. తర్వాతి మనిషి ఎక్కడున్నాడో మాత్రమే తెలుసు. ఇలా గొలుసు పట్టుకుని పోతే చివరికి ఇల్లు దొరుకుతుంది.

కంప్యూటర్లో దీన్నే 'లింక్‌డ్ లిస్ట్' అంటారు. ప్రతి గదిలోనూ రెండే ఉంటాయి. ఒకటి మనకు కావలసిన సమాచారం, రెండోది తర్వాతి గది చిరునామా. గదులన్నీ ఒకేచోట ఉండక్కర్లేదు. ఒకటి ఊరికి ఈ చివర, ఇంకోటి ఆ చివర ఉన్నా ఫర్వాలేదు. దీంతో ఓ గొప్ప సుఖం ఉంది. కొత్తవాళ్లను చేర్చడం చాలా తేలిక. 'అయ్యో, మన చిన్నమామయ్యగారిని పిలవడం మర్చిపోయామే' అనుకుంటే చిట్టాలో రెండు పేర్ల మధ్య ఇరికించేయొచ్చు. ముందువాడి చేతిలో చిరునామా మార్చి, కొత్తవాడి చేతిలో తర్వాతి చిరునామా పెడితే చాలు. మిగతావాళ్లెవరూ కదలక్కర్లేదు.

ఇబ్బంది ఎక్కడంటే... 'చిట్టాలో యాభయ్యో పేరు ఎవరిది?' అని అడిగితే మొదటి ఇంటినుంచి బయల్దేరి, ఒక్కో ఇంట్లో అడుగుతూ యాభయ్యో ఇంటిదాకా నడవాల్సిందే!

బంతి అంటే అర్రే

ఇక అర్రే. పెళ్లిపందిట్లో వరసగా పరిచిన చాపల మీద వేసిన ఆకులే అర్రే. అన్నీ ఒకే కొలత, అన్నీ పక్కపక్కనే. మధ్యలో ఖాళీ వదలరు. ఎన్ని ఆకులు పడతాయో పందిరి వేసిన రోజే తేలిపోతుంది.

వడ్డించేవాళ్లకు ఇదెంత సుఖమో! ఒక్కో ఆకుకు రెండడుగుల చోటు అనుకుందాం. యాభయ్యో ఆకు దగ్గరకు వెళ్లాలంటే మొదటి ఆకునుంచి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ పోనక్కర్లేదు. నలభై తొమ్మిది రెళ్లు తొంభై ఎనిమిది. బంతి మొదలునుంచి 98 అడుగులు. కళ్లు మూసుకుని అక్కడికి వెళ్లి బూరె వేసేయొచ్చు. కంప్యూటర్ చేసేదీ సరిగ్గా ఇదే. అర్రే మొదలైన చోటు తెలుసు, ఒక్కో గది వెడల్పు తెలుసు. ఒక్క హెచ్చవేత, ఒక్క కూడిక... ఏ గదికైనా సూటిగా దూకేస్తుంది. వందో గదైనా, లక్షో గదైనా పట్టే సమయం ఒక్కటే.

మరి కష్టమెక్కడ? బంతి మధ్యలో కొత్తగా ఎవరైనా కూర్చుంటానంటేనే. ఆలస్యంగా వచ్చిన బావగారు 'నేను తమ్ముడి పక్కనే కూర్చుంటా' అంటే అక్కణ్నుంచి చివరిదాకా అందరూ ఆకులతో సహా జరగాలి. చివర ఖాళీ లేకపోతే ఆఖరివాడు లేచి నిలబడాలి. ఇంకేముంది, అలకలు మొదలు!

అందుకే పిలుపులకు లిస్టు, వడ్డనకు అర్రే. పేర్లు చేర్చడం, తీసేయడం జరుగుతున్నన్నాళ్లూ లిస్టులో ఉంచుతారు. ఇక మార్పులు లేవు, పని మొదలెట్టాలి అనుకున్నాక అర్రేలోకి దించుతారు. ఈ దించడమే మీ పిల్లలు పుస్తకంలో చదువుతున్న పాఠం.

లిస్టు తాతగారికి తెలుగు శిష్యుడు

ఈ రెండు ఏర్పాట్లూ ఇవాళ్టివి కావు. సైన్సు లెక్కల కోసం 1957లో ఐబీఎం కంపెనీ 'ఫోర్ట్రాన్' అనే కంప్యూటర్ భాషను బయటకు తెచ్చింది. జాన్ బాకస్ బృందం తయారుచేసిన ఆ భాషకు అర్రేలే ప్రాణం. ఆ మరుసటేడు, 1958లో జాన్ మెకార్తీ అనే శాస్త్రవేత్త అమెరికాలోని ఎంఐటీలో మరో భాషకు శ్రీకారం చుట్టారు. పేరు 'లిస్ప్'. లిస్టులతో పనిచేసేది కాబట్టే ఆ పేరు. 'కృత్రిమ మేధ' అని ఇవాళ అందరూ అంటున్న మాటకు ఇంగ్లిషులో పేరు పెట్టిన మహానుభావుడూ ఆయనే.

ఆ మెకార్తీ తర్వాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ ఆయన దగ్గర పరిశోధన చేసి 1966లో డాక్టరేట్ అందుకున్న శిష్యుల్లో ఒకరు మన తెలుగువాడు... రాజ్ రెడ్డి. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టారు. మద్రాసులోని గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరుకున్నారు. కంప్యూటర్‌కు మనిషి మాట అర్థమయ్యేలా చేయడం ఆయన జీవితకాల కృషి. కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటిదని చెప్పుకునే ట్యూరింగ్ అవార్డు 1994లో ఆయనకు వచ్చింది. ఆసియాలో పుట్టినవాళ్లలో దాన్ని అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే.

పల్లెటూరి పిల్లల కోసం 2008లో మన రాష్ట్రంలో పెట్టిన ట్రిపుల్ఐటీలకు, అంటే రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి, తొలి కులపతి కూడా ఆయనే. పదో తరగతి అవగానే గోదావరి జిల్లాల పల్లెలనుంచి పెట్టె సర్దుకుని నూజివీడు వెళ్లే పిల్లలు ఎందరో! అక్కడ మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చుని లిస్టు, అర్రే అని వింటున్నప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఆ లిస్టుల భాషను పుట్టించిన గురువుగారి శిష్యుడే తమ చదువుకు పునాదిరాయి వేశాడని.

నాలుగే నాలుగు మెట్లు

సరే, ఇంతకీ కాపీ చేసేదెలా? నాలుగు మెట్లు.

మొదటిది, లెక్కపెట్టు. లిస్టులో ఎంతమంది ఉన్నారు?

రెండోది, చోటు సిద్ధం చెయ్యి. అన్ని గదుల అర్రేని కంప్యూటర్‌ని అడిగి తీసుకో. ఒక్క గది తగ్గినా గొడవే.

మూడోది, వరస తప్పకుండా ఒక్కొక్కటీ దించు. లిస్టులో మొదటివాడు మొదటి గదిలోకి, రెండోవాడు రెండో గదిలోకి.

నాలుగోది, సరిచూసుకో. లిస్టు అయిపోయేసరికి అర్రే కూడా నిండిందా? చివరి పేరు చివరి గదిలోనే ఉందా?

ఇందులో కొత్త పిల్లలు బోర్లా పడేది మూడో మెట్టు దగ్గరే. కారణం సున్నా! సీ, జావా, పైథాన్ భాషల్లో అర్రే గదులకు నంబర్లు ఒకటినుంచి మొదలుకావు, సున్నానుంచి మొదలవుతాయి. ఇదేం పిచ్చి అనుకోకండి. బంతి మొదట్లో మొదటి ఆకు ముందు నిలబడ్డ వడ్డించే మనిషిని తలచుకోండి. మొదటి ఆకు దగ్గరకు అతను ఎంత దూరం నడవాలి? అస్సలు నడవక్కర్లేదు. సున్నా. రెండో ఆకుకు ఒక ఆకంత దూరం. ఇందాక యాభయ్యో ఆకుకు మనం నలభై తొమ్మిదితోనే కదా హెచ్చవేశాం! ఆ నంబరు వరస సంఖ్య కాదు, నడవాల్సిన దూరం. లెక్క సున్నానుంచే ఎందుకు మొదలవ్వాలో వివరిస్తూ డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రవేత్త 1982లో ఓ చిన్న వ్యాసమే రాశారు.

అంచేత వందమందికి వేసిన అర్రేలో ఆఖరి గది నంబరు 99. అలవాటు కొద్దీ నూరో నంబరు గది అడిగితే అది లేదు. జావా అయితే వెంటనే కేకలు వేసి పని ఆపేస్తుంది. సీ భాష కేకలు వేయదు. చాప దాటిపోయి కటిక నేల మీద వడ్డించేస్తుంది. ఆ నేల మీద అప్పటికే ఇంకెవరి సామానో ఉంటే... దాని మీదే సాంబారు పోసేస్తుంది!

పసుపు రైతులు పెట్టిన పరీక్ష

లిస్టునుంచి అర్రేలోకి దించే ఈ పని మన తెలుగునేల మీద ఒకసారి దేశమంతా చూసేలా జరిగింది. 2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ ఎన్నికలో.

పసుపు బోర్డు కావాలి, పసుపుకీ ఎర్రజొన్నకీ గిట్టుబాటు ధర కావాలి అంటూ అక్కడి రైతులు ఉద్యమించారు. తమ గోడు ఢిల్లీకి వినబడాలని మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. ఉపసంహరణలన్నీ అయ్యాక బరిలో మిగిలింది 185 మంది. వాళ్లలో 170 మందికి పైగా రైతులే!

అభ్యర్థుల జాబితా లిస్టులాంటిది. ఎంతమంది నామినేషన్ వేస్తే అంత పొడవు పెరుగుతుంది. కానీ ఓటింగ్ యంత్రం? అది అచ్చంగా అర్రే. ఒక బ్యాలెట్ యూనిట్‌కు 16 మీటలే. పదిహేడో మీట ఉండదు. అంతకుముందు వాడిన రకం యంత్రాలకు నాలుగు యూనిట్లే తగిలించవచ్చు. అంటే 64 పేర్లు. అది దాటితే కాగితం బ్యాలెట్టే గతి. మూడో తరం యంత్రం వచ్చాక 24 యూనిట్లదాకా కలపొచ్చు. అంటే 384 పేర్లు.

ఇప్పుడు మీరే లెక్క వేయండి. 185 మంది అభ్యర్థులు, చివర 'పై వారెవరూ కాదు' అనే నోటా ఒకటి. మొత్తం 186. పదకొండు యూనిట్లు పెడితే 176 మీటలే. పదిమందికి చోటు ఉండదు. పన్నెండు పెడితే 192. అందుకే ప్రతి పోలింగ్ కేంద్రంలోనూ పన్నెండేసి యూనిట్లు వరసగా పేర్చారు. ఆరు మీటలు మిగిలాయి. మిగిలిన మీటలను ఊరికే వదిలేయరు, ఓటరు పొరపాటున నొక్కకుండా మూసేస్తారు. జావా భాషలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. అర్రేలో చోటు ఎక్కువైతే, ఆఖరి పేరు పక్క గదిలో 'నల్' అని, అంటే 'ఇక్కడితో అయిపోయింది, ఇక ఏమీ లేదు' అని గుర్తు పెడుతుంది.

ఇంకో తమాషా చూడండి. వందో అభ్యర్థి మీట ఎక్కడుంటుంది? ఆరు యూనిట్లకు 96 పేర్లు అయిపోతాయి. కాబట్టి ఏడో యూనిట్‌లో నాలుగో మీట. వెతకక్కర్లేదు, లెక్క చాలు. అర్రే సుఖం అదే. అయితే ఆ యూనిట్లు వరస తప్పితే లెక్కంతా తలకిందులే. అందుకే ప్రతి యూనిట్ మీదా దాని సంఖ్య పెట్టడానికి ఓ చక్రం లాంటి మీట ఉంటుంది. మొదటి యూనిట్‌కు 01, పన్నెండోదానికి 12.

అంతకుముందు 1996లో నల్గొండ లోక్‌సభ స్థానంలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ దేశానికి చెప్పుకోవడానికి జనం ఇలాగే నామినేషన్లు వేస్తే, అభ్యర్థులు 480 మంది అయ్యారు. అప్పుడు కాగితం బ్యాలెట్ కాబట్టి అది పుస్తకమంత అయింది. కాగితానికి ఇంకో కాగితం కుట్టుకుంటూ పోవచ్చు, అది లిస్టు సుగుణం. అదే 480 పేర్లను ఇవాళ్టి యంత్రంలోకి దించాలంటే 384 దగ్గరే ఆగిపోతాం. చట్టాన్ని ఆ ఏడాదే సవరించి లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్‌ను 500 రూపాయలనుంచి 10,000కు పెంచారు. లిస్టు పొడవు తగ్గించే ఉపాయం అన్నమాట!

నిజామాబాద్ రైతుల్లో ఎవరూ గెలవలేదు. కానీ ఒక్కరి పేరు కూడా యంత్రంలోంచి జారిపోలేదు. 'చోటు లేదు, ఆఖరి పదిమందినీ వదిలేద్దాం' అనలేదెవరూ. వాళ్లడిగిన జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది.

ఇరవై గదులు... ఇరవై ఒకటో పేరు

చోటు చూసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి రెండు కథలు చాలు.

మొదటిది 1988 నవంబరు 2న. అమెరికాలో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన చిన్న ప్రోగ్రామ్ అప్పటి ఇంటర్నెట్‌లో పాకిపోయింది. అది దూరడానికి వాడుకున్న కన్నాల్లో ఒకటి ఇదే. ఒక ప్రోగ్రామ్‌లో వచ్చిన మాటలను దాచుకోవడానికి 512 గదుల అర్రే ఉంది. వచ్చింది అంతకన్నా పొడవా కాదా అని ఆ ప్రోగ్రామ్ చూసుకోదు. మోరిస్ ప్రోగ్రామ్ 536 అక్షరాలు పంపింది. మిగిలిన 24 అక్షరాలూ పక్కనున్న చోట్లో పడ్డాయి. ఆ పక్కచోటే 'తర్వాత ఏం చేయాలి' అన్న చిరునామా ఉండే చోటు! దాంతో కంప్యూటర్ పగ్గాలు బయటివాడి చేతికి వెళ్లిపోయాయి. అప్పట్లో ఇంటర్నెట్‌కు తగిలించి ఉన్న యంత్రాల్లో దాదాపు పదో వంతు, అంటే ఆరు వేలదాకా స్తంభించిపోయాయని అంచనా.

రెండోది మనందరికీ గుర్తున్నదే. 2024 జులై 19, శుక్రవారం. ప్రపంచవ్యాప్తంగా కంప్యూటర్ తెరలు నీలంగా మారిపోయాయి. విమానాశ్రయాలు, బ్యాంకులు, ఆసుపత్రులు... అన్నిచోట్లా కలకలం. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలో ఓ ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది.

కారణం? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన కొత్త ఫైలు. ఆ సంస్థే తర్వాత విడుదల చేసిన నివేదికలో సంగతంతా చెప్పింది. కొత్త నియమాల పట్టీలో 21 గడులున్నాయి. కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రామ్ అందించేవి మాత్రం 20 విలువలే. అంతకుముందు వరకూ ఇరవై ఒకటో గడిలో 'ఏదైనా ఫర్వాలేదు' అని ఉండటంతో ఎవరూ దాని జోలికి వెళ్లలేదు. ఆ రోజు మొదటిసారి ఇరవై ఒకటో విలువ నిజంగా కావాల్సివచ్చింది. ప్రోగ్రామ్ ఇరవై గదుల అర్రేలో ఇరవై ఒకటో గదికి చెయ్యి చాచింది. అక్కడ గది లేదు. అంతే!

ఒక్క గది. చాప మీద ఒక్క ఆకు తక్కువ. మొదటి ఇరవైమందీ హాయిగా భోంచేశారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

కాపీ అంటే ఫొటో

ఇంకో రెండు మెలికలున్నాయి. ఇవి తెలిసిన పిల్లలు ఇంటర్వ్యూల్లో తడబడరు.

ఒకటి, కాపీ చేశాక లిస్టు మారితే అర్రేకు తెలీదు. గ్రూపు ఫొటో తీశాక పుట్టిన మనవడు ఆ ఫొటోలో ఎలా ఉంటాడు? అందుకే దించే సమయంలో మార్పులు ఆపేయాలి. ఎన్నికల చట్టంలో ఈ జాగ్రత్త ఎప్పణ్నుంచో ఉంది. నామినేషన్ల చివరి తేదీ దాటాక ఎన్నిక ముగిసేదాకా ఆ నియోజకవర్గం ఓటర్ల జాబితాలో చేర్పులూ తీసివేతలూ ఉండవు. ఆ తేదీకి ఉన్న జాబితానే పోలింగ్ కేంద్రానికి వెళ్తుంది. జావాలో కూడా ఒక వైపు లిస్టులోని పేర్లను ఒక్కొక్కటీ తీస్తుంటే ఇంకో వైపు ఎవరైనా కొత్త పేరు దూరిస్తే చాలాసార్లు 'మధ్యలో మార్చారు' అని ఫిర్యాదు చేసి ఆపేస్తుంది. కోపం తెచ్చుకోకండి, అది మీ మంచికే.

రెండోది ఇంకా గట్టి మెలిక. లిస్టులో చాలాసార్లు అసలు వస్తువులుండవు, వాటి చిరునామాలే ఉంటాయి. అర్రేలోకి దిగేవీ ఆ చిరునామాలే. చిరునామా రాసిన చీటీని జిరాక్స్ తీస్తే ఇల్లు రెండవుతుందా? కాదు కదా. రెండు చీటీలూ ఒకే ఇంటికి తీసుకెళ్తాయి. ఒక చీటీ పట్టుకుని వెళ్లినవాడు గోడకు ఆకుపచ్చ రంగు వేస్తే, రెండో చీటీ పట్టుకుని వచ్చినవాడికీ ఆకుపచ్చ గోడే కనిపిస్తుంది.

ఇది రేషన్ కార్డులకు అన్వయించుకోండి. కార్డుల లిస్టును అర్రేలోకి కాపీ చేశాం, ఇది నకలే కదా అని ప్రోగ్రామ్ రాసేవాడు ఏదో పరీక్ష కోసం ఒక కార్డులోంచి పిల్లవాడి పేరు తీసేశాడనుకోండి. అసలు కార్డులోంచి కూడా పోతుంది! వచ్చే నెల డిపో దగ్గర క్యూలో నిలబడ్డ తల్లికి ఆ సంగతి తెలుస్తుంది. చీటీలు మాత్రమే నకలు తీయడాన్ని 'షాలో కాపీ' అంటారు. ఇల్లు కూడా కొత్తగా కట్టుకుంటే 'డీప్ కాపీ'. ఎక్కడ ఏది కావాలో తెలుసుకోవడమే ప్రోగ్రామర్ పనితనం.

లిస్టు కడుపులో అర్రే

అసలు విడ్డూరం ఇప్పుడు చెబుతాను. జావాలో పిల్లలు ఎక్కువగా వాడే 'అర్రేలిస్ట్' బయటికి లిస్టే. లోపల మాత్రం అర్రే! మొదటి పేరు చేర్చగానే మామూలుగా పది గదులు సిద్ధం చేసుకుంటుంది. పదకొండో మనిషి రాగానే పదిహేను గదుల కొత్త అర్రే తీసుకుని, పాతవాళ్లందర్నీ అందులోకి కాపీ చేసి, పాతదాన్ని వదిలేస్తుంది. అదీ నిండితే 22. ప్రతిసారీ ఉన్నదానికి సగం కలుపుకుంటూ పోతుంది. చిన్న షామియానా చాలకపోతే పక్కన పెద్దది వేసి బంతిని అక్కడికి మార్చినట్టు. పైథాన్ లిస్టు లోపలి కథా దాదాపు ఇదే.

అంటే మీ పిల్లలు రాసినా రాయకపోయినా, ఈ దించుడు కార్యక్రమం ప్రతి ఫోన్‌లో, ప్రతి బ్యాంకులో, ప్రతి రైలు రిజర్వేషన్‌లో క్షణానికి లక్షలసార్లు జరుగుతూనే ఉంటుంది. ఎవరూ చూడరు. వంటశాలలో ఏం జరుగుతుందో బంతిలో కూర్చున్నవాళ్లకు తెలీనట్టే!

ఇంట్లోనే ఆడించండి

పిల్లలకు ఇది నేర్పడానికి కంప్యూటరే అక్కర్లేదు. వచ్చే ఆదివారం ఓ పది చీటీల మీద చుట్టాల పేర్లు రాయండి. ప్రతి చీటీ వెనకా తర్వాతి చీటీ ఎక్కడుందో రాసి ఇల్లంతా దాచండి. ఒకటి బియ్యం డబ్బా కింద, ఒకటి టీవీ వెనక. అది లిస్టు. కోడిగుడ్ల అట్ట ఒకటి తీసుకుని గుంటలకు సున్నానుంచి నంబర్లు వేయండి. అది అర్రే. ఇప్పుడు చీటీలు వెతికి వరస తప్పకుండా గుంటల్లో పెట్టమనండి.

ఆట మధ్యలో మీరు గుట్టుగా ఇంకో చీటీ కలపండి. పదే పేర్లని చెప్పి తొమ్మిది గుంటల అట్ట ఇచ్చి చూడండి. ఆఖరి చీటీ చేతిలో పట్టుకుని పిల్లవాడు ఏం చేస్తాడో గమనించండి. పారేస్తాడా? వేరే చీటీ తీసేసి దాన్ని పెడతాడా? 'అమ్మా, చోటు చాలలేదు, ఇంకో అట్ట ఇవ్వు' అని అడుగుతాడా? మూడో పని చేసిన పిల్లవాడికి ప్రోగ్రామింగ్ వచ్చినట్టే.

ఎందుకంటే రేపు వాడు రాసే ప్రోగ్రామ్‌లోని లిస్టులో ఉండేవి అంకెలు కావు. పింఛను కోసం ఎదురుచూసే అవ్వ పేరు, స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకున్న అమ్మాయి పేరు, ఆపరేషన్‌కు వరసలో ఉన్న రోగి పేరు. ఒక్క గది తక్కువైతే జారిపోయేది ఎప్పుడూ ఆఖరి పేరే. ఆ పేరు గలవాళ్లకు అర్రే అంటే తెలీదు. తమకు రావాల్సింది ఎందుకు రాలేదో కూడా తెలీదు.

గోదావరి జిల్లాల్లో మంచి వడ్డనకు గుర్తేమిటో తెలుసా? మొదటి ఆకులో ఎన్ని రకాలు పడ్డాయన్నది కాదు. చివరి ఆకులో కూడా పూర్ణంబూరె పడిందా లేదా అన్నదే!